క్వార్టర్‌బ్యాక్ వెంట పరిగెత్తకూడదు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రెండు వైపులా 11 మందే ఉంటారు. కానీ లెక్క మాత్రం సమానం కాదు. మామూలుగా దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతిని, దాన్ని పట్టుకుని పరిగెత్తే రన్నింగ్‌బ్యాక్ చేతికిచ్చేసి పక్కకి తప్పుకుంటాడు. ఆ తర్వాత ఎవరినీ అడ్డుకోడు, బంతినీ మోయడు. అంటే దాడి చేసే జట్టు పది మందితో ఆడుతున్నట్టే. ఎదుటి పదకొండు మందిలో ఒకరు ఎప్పుడూ మిగులుతారు. డిఫెన్స్ ధైర్యమంతా ఆ మిగిలిన మనిషే. క్వార్టర్‌బ్యాక్ తనే పరుగందుకోగలవాడైతే ఆ మిగులు కాస్తా పోతుంది.

ఇక ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌ల్లో, ఒక్కటి ఓడితే ఇంటికే. సీజన్‌లో లాగా వచ్చే వారం చూసుకుందాం అనడానికి వీల్లేదు, పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్‌ని ఆ రోజే ఆపాలి.

ఇలాంటి క్వార్టర్‌బ్యాక్ ఏం చేయగలడో 2013 జనవరి 12న శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రీన్‌బే ప్యాకర్స్‌కి తెలిసొచ్చింది. మూడో క్వార్టర్, స్కోరు 24-24. అక్కడి జట్టు ఫార్టీనైనర్స్ క్వార్టర్‌బ్యాక్ కాలిన్ కేపర్నిక్ బంతిని రన్నింగ్‌బ్యాక్ పొట్టకి ఆనించి, ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి లాగేసుకున్నాడు. అంచున కాపలా ఉండాల్సిన డిఫెండర్ రన్నింగ్‌బ్యాక్ మీదికి లోపలికి దూకాడు. అతను ఖాళీ చేసిన చోటు నుంచి కేపర్నిక్ 56 గజాలు, అంటే దాదాపు 51 మీటర్లు పరిగెత్తి, ఎదుటివాళ్ళ చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. ఆ రాత్రి మొత్తం 181 గజాలు. ఒక మ్యాచ్‌లో ఏ క్వార్టర్‌బ్యాకూ అంతవరకు అన్ని గజాలు పరిగెత్తలేదు.

ఈ ఎత్తు పేరు జోన్ రీడ్. అంచున ఉన్న డిఫెండర్‌ని కావాలనే ఎవరూ అడ్డుకోరు. అతను లోపలికి వస్తే క్వార్టర్‌బ్యాక్ బంతిని తన దగ్గరే ఉంచుకుని బయటికి పరిగెడతాడు. బయటే ఆగితే రన్నింగ్‌బ్యాక్‌కి ఇచ్చేస్తాడు. పాపం, ఆ డిఫెండర్ ఏం చేసినా తప్పే. ముట్టుకోకుండానే ఒక మనిషిని ఆట నుంచి తీసేశారన్నమాట.

అతను తటపటాయించే ఆ క్షణం ఎంత ఖరీదో చిన్న లెక్కతో చూడొచ్చు. క్వార్టర్‌బ్యాక్ మైదానం పక్క గీత వెంబడి సెకనుకి 9 మీటర్ల వేగంతో నేరుగా పరిగెడుతున్నాడనుకుందాం. డిఫెండర్ అతనికి 9 మీటర్లు ముందు, 12 మీటర్లు పక్కగా ఉన్నాడు, వేగం సెకనుకి 8 మీటర్లు. ఇద్దరూ ఒకేసారి కదిలి, డిఫెండర్ సరైన కోణంలో వెళ్తే దాదాపు 15 మీటర్ల దగ్గర పట్టుకుంటాడు. తనకంటే వేగమైనవాణ్ణే! పావు సెకను ఆలస్యమైతే? పట్టుకునే చోటు 23 మీటర్లకి జరుగుతుంది. అదే 0.4 సెకన్లు ఆగితే ఇక ఎప్పటికీ అందుకోలేడు, మైదానం ఎంత పొడవున్నా సరే. బంతి రన్నింగ్‌బ్యాక్ దగ్గరుందా లేదా అని ఒక్కసారి అటూ ఇటూ చూడటానికి పట్టే సమయం దాదాపు అంతే.

కాబట్టి క్వార్టర్‌బ్యాక్ ఇప్పుడున్న చోటికి పరిగెత్తడం శుద్ధ దండగ. వెళ్ళబోయే చోటికి వెళ్ళాలి. కోచ్‌లు దీన్ని పర్స్యూట్ యాంగిల్ అంటారు. తూనీగ గాల్లో ఈగని పట్టేదీ ఇలాగే, వెనక తరమదు, దారికి అడ్డంగా వెళ్తుంది.

ఇంకో సంగతి కూడా డిఫెన్స్‌కి అనుకూలం. సెకనుకి 9 మీటర్ల వేగంలో ఉన్నవాడు 5 మీటర్ల వ్యాసార్థంతో మలుపు తిరగాలంటే గురుత్వ త్వరణానికి ఒకటిన్నర రెట్లు మించిన పక్క త్వరణం కావాలి. గడ్డి మీద బూటు అంత పట్టు ఇవ్వడం కష్టం. అందుకే ఎంతటివాడైనా మలుపు దగ్గర వేగం తగ్గించాల్సిందే. మొదట ఎదురైన డిఫెండర్ అతన్ని పడగొట్టకపోయినా ఒక్కసారి పక్కకి తిప్పగలిగితే చాలు, మిగతావాళ్ళకి కావలసిన అర సెకను దొరుకుతుంది. బయటికి దారి మూసి లోపలికి, జనం ఉన్నవైపుకి మళ్ళించమని అంచున ఉన్నవాళ్ళకి చెప్పేది అందుకే.

దాని కోసం అన్నిటికన్నా కష్టమైన పని ఓపిక పట్టడం. అంచు నుంచి వచ్చే డిఫెన్సివ్ ఎండ్‌కి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం మీదే ధ్యాస, పేరూ డబ్బూ వచ్చేది దానితోనే. ఆ ఊపులో క్వార్టర్‌బ్యాక్‌ని దాటి లోతుగా వెళ్ళిపోతే వెనక పెద్ద సందు తెరుచుకుంటుంది. చెడుగుడులో కూతకొచ్చినవాడి మీదికి కార్నర్ ఆటగాడు తొందరపడి దూకితే గొలుసు తెగిపోయినట్టే ఇదీ. డిఫెన్స్ ముందు వరసలోని నలుగురూ ఒకే వరసలో, తమ తమ దారి వదలకుండా దగ్గరికి రావాలి.

2005 జనవరిలో ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఇది చేసి చూపించింది. అట్లాంటా క్వార్టర్‌బ్యాక్ మైకేల్ విక్ అంతకుముందు ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే 119 గజాలు పరిగెత్తి వచ్చాడు. ఈగిల్స్ మీద అతనికి దక్కినవి 26 గజాలే. నాలుగుసార్లు బంతి చేతిలో ఉండగానే పడగొట్టారు. ఈగిల్స్ 27-10తో గెలిచి ఫైనల్‌కి, అంటే సూపర్ బౌల్‌కి వెళ్ళింది.

టీవీ వ్యాఖ్యాతలకి మాత్రం ‘స్పై’ అంటే మహా ఇష్టం. ఒక డిఫెండర్‌ని క్వార్టర్‌బ్యాక్ మీదే కన్నేసి ఉంచడమన్నమాట. నాకు దాని మీద అంత గురి లేదు. ఆ మనిషి పాస్‌ని అడ్డుకునే పనికీ రాడు, క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికే పనికీ రాడు. పైగా అతను ఎప్పుడూ ఎదుటివాడి కదలిక చూశాకే కదులుతాడు కాబట్టి ఆ పావు సెకను బాకీ మొదటి నుంచే ఉంటుంది. దానికన్నా ఒక్కో డిఫెండర్ మైదానంలో ఒక్కో భాగాన్ని కాచే జోన్ కవరేజ్ నయం. పాస్ అందుకునే ఒక్కో రిసీవర్ వెంట ఒక్కో డిఫెండర్ పరిగెత్తే మ్యాన్ కవరేజ్‌లో వాళ్ళ వీపులు క్వార్టర్‌బ్యాక్ వైపు ఉంటాయి. అతను బయల్దేరిన సంగతి వాళ్ళకి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. జోన్‌లో అందరి కళ్ళూ అతని మీదే.

ఇంకా ముందుకెళ్ళి, మనుషుల్నే మార్చిన మ్యాచ్ 2019 జనవరి 6న బాల్టిమోర్‌లో జరిగింది. రావెన్స్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్‌కి అప్పటికి 21 ఏళ్ళు, మర్నాడే పుట్టినరోజు. రెండు వారాల ముందే ఇదే ప్రత్యర్థి లాస్ ఏంజెలస్ చార్జర్స్‌ని ఓడించాడు. చార్జర్స్ లైన్‌బ్యాకర్లలో, అంటే ముందు వరస వెనకే నిలబడే బరువైన డిఫెండర్లలో, కొందరు గాయాలతో లేరు కూడా. చార్జర్స్ డిఫెన్స్ కోచ్ గస్ బ్రాడ్లీ వాళ్ళ చోట, వెనక పాస్‌లని కాచే తేలికైన, చురుకైన డిఫెన్సివ్ బ్యాక్‌లని దించి, దాదాపు మ్యాచ్ అంతా అలాంటి ఏడుగురితో ఆడించాడు. బరువు తగ్గితే ఢీకొనడంలో నష్టమే, రావెన్స్ మొరటుగా మధ్యలోంచి తోసుకుపోతే ఇబ్బందే. కానీ అంచుకి చేరే వేగం పెరిగింది. జాక్సన్ ఎటు తిరిగినా అతనితో సమానంగా పరిగెత్తగలవాడే ఎదురయ్యాడు. ఏడుసార్లు పడగొట్టారు. నాలుగో క్వార్టర్‌లో ఒక దశలో స్కోరు 23-3. చివర్లో జాక్సన్ పాస్‌లతో రెండు టచ్‌డౌన్లు చేసి 23-17 దాకా లాక్కొచ్చాడు, అంతే.

ఒకసారి చూశాం కదా, రెండోసారి తేలిక అనుకోవద్దు. కేపర్నిక్ చేతిలో దెబ్బతిన్న ప్యాకర్స్‌కి ఏడాది టైమ్ దొరికింది. 2014 జనవరిలో సొంతగడ్డ మీద మళ్ళీ ఎదురైతే అతను 98 గజాలు పరిగెత్తాడు, ఫార్టీనైనర్స్ 23-20తో గెలిచింది.

అసలు గజాలే చూస్తే మోసపోతాం. 2019 సీజన్‌లో జాక్సన్ 1,206 గజాలు పరిగెత్తి క్వార్టర్‌బ్యాక్‌ల రికార్డు బద్దలుకొట్టాడు, రావెన్స్ 16 మ్యాచ్‌ల్లో 14 గెలిచింది. 2020 జనవరి 11న ప్లేఆఫ్స్‌లో టెన్నెసీ టైటన్స్ మీద కూడా అతను 143 గజాలు పరిగెత్తాడు, 365 గజాల పాస్‌లు వేశాడు. కాగితం మీద చూస్తే డిఫెన్స్ చిత్తయినట్టే. కానీ టైటన్స్ ముందే ఆధిక్యంలోకి వెళ్ళింది, దాంతో రావెన్స్ 59 పాస్‌లు వేయాల్సి వచ్చింది. పరిగెత్తే జట్టుకి అది అలవాటు లేని ఆట. ఒక్క గజం కావాల్సిన నాలుగో డౌన్‌లో, అంటే పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో చివరిదానిలో, రెండుసార్లు టైటన్స్ గోడ కదల్లేదు. రెండు పాస్‌లు ఎదుటివాళ్ళ చేతుల్లో పడ్డాయి. స్కోరు టైటన్స్ 28, రావెన్స్ 12.