చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే

"ఏం లేదు నాన్నా, చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే." సూదికి భయపడే పిల్లలకు ఈ మాట చెప్పని అమ్మానాన్నలు మన ఇళ్లలో అరుదు. మా అమ్మ నాకు చెప్పింది. ఐదేళ్ల బూస్టర్ టీకా వేయించినప్పుడు మా అబ్బాయికి నేనూ చెప్పాను. అప్పటిదాకా గోడ మీద బొమ్మలు చూస్తూ కూర్చున్న పిల్లాడు ఆ మాట వినగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ధైర్యం చెప్పాననుకున్నాను. నిజానికి వాడికి నేను ఇచ్చింది ఒక నొప్పి తాలూకు బొమ్మ.

సరిగ్గా ఇలాంటి మాటనే అమెరికాలోని బోస్టన్‌లో మత్తు డాక్టర్లు పరీక్షకు పెట్టారు. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి. పాల్గొన్నది 140 మంది నెలలు నిండిన గర్భిణులు. వెన్నులో మత్తు ఇచ్చే ముందు ఆ చోటు మొద్దుబారడానికి మొదట ఒక చిన్న సూది వేస్తారు. ఆ సూది వేసేటప్పుడు కొందరికి, "పెద్ద తేనెటీగ కుట్టినట్టు ఉంటుంది, మొత్తంలో కష్టమైనది ఇదే" అని చెప్పారు. మిగతావాళ్లకు, "ఇప్పుడిచ్చే మందుతో ఆ చోటు మొద్దుబారుతుంది, తర్వాత మీకు హాయిగా ఉంటుంది" అన్నారు. తర్వాత నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగారు. తేనెటీగ మాట విన్నవాళ్ల మధ్యగతం (వరుసలో పేరిస్తే నడిమి మార్కు) 5, రెండో మాట విన్నవాళ్లది 3. మందు అదే, సూది అదే. మారింది ఒక్క వాక్యం.

"అదంతా మనసులోని భావనే కదా" అని కొట్టిపారేయడం తేలిక. 1978లో కాలిఫోర్నియాలో జాన్ లెవీన్, న్యూటన్ గోర్డన్, హోవార్డ్ ఫీల్డ్స్ చేసిన ప్రయోగం ఆ తేలికతనం పోగొట్టింది. జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లకు మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. అది నొప్పి తగ్గించే మందు కావచ్చన్న ఆశతోనే కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత నాలోక్సోన్ అనే మందు ఇచ్చారు. నొప్పిని అణిచే మార్ఫిన్ జాతి మందులు నాడుల మీద పనిచేయకుండా అడ్డుపడే మందు అది. ఉపశమనం పొందినవాళ్లకు నొప్పి మళ్లీ పెరిగింది. అంటే ఆ ఆశకు స్పందించి శరీరం తనలోని మార్ఫిన్ లాంటి పదార్థాలను, అంటే ఎండార్ఫిన్లను, విడుదల చేసిందన్నమాట. నాలోక్సోన్ వాటికి అడ్డుపడింది. వట్టి ఊహే అయితే దానికి మందు ఎలా అడ్డుపడుతుంది!

భయపెట్టే మాటకూ ఇలాంటి దారే ఉంది. దాన్ని ఇటలీలోని టురిన్‌లో ఫాబ్రిజియో బెనెడెట్టి బృందం వెతికి చూపింది. "ఇప్పుడు నొప్పి పెరుగుతుంది" అని చెబితే ఆందోళన కలుగుతుంది, కోలిసిస్టోకైనిన్ అనే రసాయనం రంగంలోకి దిగుతుంది, నొప్పి నిజంగానే ఎక్కువవుతుంది. ఆ రసాయనాన్ని అడ్డుకునే మందు ఇస్తే, అదే మాట విన్నా నొప్పి అంతగా పెరగలేదు. వైద్యులు దీన్ని నోసిబో ప్రభావం అంటారు. "అశుభం పలకకు, తథాస్తు దేవతలు ఉంటారు" అని మా నాయనమ్మ మందలించేది. ఆవిడకు ఈ రసాయనాలు తెలుసని నేను అనను. కానీ రోగి మంచం పక్కన నోటికొచ్చింది అనకూడదన్న ఆవిడ పట్టుదలంటే నాకు ఇప్పుడు గౌరవం పెరిగింది.

మరి రోగికి నిజం దాచి, తీపి మాటలు చెప్పాలా? నా మటుకు నాకు ఈ విషయంలో అన్నిటికన్నా విలువైన అధ్యయనం చాలా పాతది, 1964 నాటిది. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు, ఆయన సహచరులు పొట్ట ఆపరేషన్‌కు వచ్చిన 97 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుతో ఎప్పటిలాగే మాట్లాడారు. రెండో జట్టు దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పారు. మెలకువ వచ్చాక నొప్పి ఎక్కడ ఉంటుంది, ఎంత ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది, కోత కింద కండరాలు బిగుసుకోవడం వల్ల ఎలా వస్తుంది, వాటిని వదులు చేయాలంటే ఊపిరి ఎలా తీయాలి, మంచం మీద ఎలా ఒత్తిగిలాలి... ఇవన్నీ వివరించారు. ఆపరేషన్ తర్వాత మళ్లీ వచ్చి గుర్తుచేశారు. ఈ జట్టుకు నొప్పి మందుల అవసరం సగానికి పడిపోయింది. ఎవరు ఏ జట్టులో ఉన్నారో సర్జన్లకు తెలియదు. అయినా ఈ జట్టువాళ్లను సగటున 2.7 రోజులు ముందే ఇంటికి పంపారు. ఇక్కడ ఎవరూ "నొప్పే ఉండదు" అనలేదు. నొప్పి ఉంటుందని చెప్పి, దాన్ని ఎలా దాటాలో చేతికిచ్చారు.

ఒకే నిజాన్ని రెండు వైపుల నుంచి చెప్పవచ్చన్నది మన ఇళ్లలో కొత్త కాదు. డబ్బాలో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాం. గడప దాటేటప్పుడు "వెళ్తాను" అనకుండా "వెళ్లొస్తాను" అంటాం. ఆసుపత్రిలో మాత్రం దీని బరువు వేరు. 1982లో మెక్‌నీల్, ట్వెర్‌స్కీ తదితర పరిశోధకులు కొందరు రోగులను, విద్యార్థులను, డాక్టర్లను తమకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందనుకుని ఆపరేషన్, రేడియేషన్‌లలో ఒకటి ఎంచుకోమన్నారు. ఆపరేషన్‌లో నూటికి 90 మంది బతికి బయటపడతారు, ఇలా బతికేవాళ్ల లెక్కలో చెబితే 18 శాతం మందే రేడియేషన్ కోరుకున్నారు. అవే అంకెలను చనిపోయేవాళ్ల లెక్కలో, 10 మంది పోతారు అని చెబితే 44 శాతం మంది రేడియేషన్ వైపు మొగ్గారు. రోజూ ఈ అంకెలతోనే పనిచేసే డాక్టర్లు కూడా అలాగే మారారు. అందుకే ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అన్నప్పుడు, డాక్టరుగారు ఒక వైపు అంకె చెబితే రెండో వైపు అంకె కూడా అడగండి.

మాటకు చేతకానిది కూడా చెప్పాలి, లేకపోతే ఇది మోసమవుతుంది. 2011లో ఆస్తమా రోగుల మీద ఒక అధ్యయనం వచ్చింది. నిజమైన ఇన్‌హేలర్ వాడినప్పుడూ, మందు లేని ఇన్‌హేలర్ వాడినప్పుడూ రోగులు దాదాపు ఒకేలా "హాయిగా ఉంది" అన్నారు. ఊదించి కొలిస్తే, అసలు మందుతో ఊపిరితిత్తుల పనితీరు 20 శాతం మెరుగుపడింది. ఉత్తుత్తి ఇన్‌హేలర్‌తో 7 శాతమే, అసలు ఏ చికిత్సా ఇవ్వనప్పుడు కూడా అంతే. నొప్పి, ఆందోళన, వికారం లాంటి వాటిని మాట తాకగలదు. మూసుకుపోయిన శ్వాసనాళాన్ని తెరవలేదు. మంచి మాటే చాలని మందు మానిపించేవాళ్లను నమ్మితే ప్రాణాల మీదికి వస్తుంది.

మా అబ్బాయికి పదేళ్లు నిండాక టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసే) టీకా వేయించాల్సి వచ్చింది. ఈసారి చీమను పిలవలేదు. "ముందు చల్లటి దూదితో తుడుస్తారు. తర్వాత గట్టిగా నొక్కినట్టు ఉంటుంది. నువ్వు భుజం వదులుగా పెట్టి, మెల్లగా ఊపిరి వదులుతూ ఐదు లెక్కపెట్టు. సాయంత్రానికి చెయ్యి కాస్త బరువుగా అనిపించొచ్చు, ఒకట్రెండు రోజుల్లో పోతుంది" అన్నాను. వాడు తలూపి కళ్లు మూసుకున్నాడు. మూడు దగ్గరే సిస్టర్ దూది అదిమి, "అయిపోయింది బాబూ" అంది. వాడు ఐదు దాకా లెక్కపెట్టాకే కళ్లు తెరిచాడు.