వీల్ బేరింగు నట్టు: ఎంత బిగిస్తే అంత మంచిదా?

కావలిలో మా షెడ్డుకొచ్చే పాత పికప్‌ల వాళ్లలో చాలామంది ఇప్పుడు వీల్ బేరింగులు ఇంటి దగ్గరే మార్చుకుంటున్నారు. ముందు చక్రాల్లో టేపర్ రోలర్ బేరింగులున్న బండైతే అది ఇంట్లో చేసుకోదగ్గ పనే, నేనేమీ వద్దనను. కానీ కొత్త బేరింగు వేసిన నాలుగు రోజులకే చక్రం మళ్లీ మోగుతోందని వస్తారు. విప్పి చూస్తే ఎప్పుడూ ఒకటే కథ.

అపోహ: హబ్బు నట్టు ఎంత గట్టిగా బిగిస్తే అంత సేఫ్.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ ఊరూరా తిరుగుతోంది. చక్రం నట్లు వేరు, హబ్బు, అంటే బేరింగులు కూర్చునే చక్రం నడిమి భాగం, దాని మధ్యలోని నట్టు వేరు. చక్రం నట్లు గట్టిగానే ఉండాలి. హబ్బు నట్టుతో మాత్రం మనం బేరింగుకు ఎంత సందు వదలాలో సెట్ చేస్తాం. టేపర్ బేరింగులో రోలర్లూ, అవి తిరిగే కప్పూ (బయటి రింగు) ఏటవాలుగా ఉంటాయి. నట్టు తిప్పేకొద్దీ కోను (రోలర్లుండే లోపలి రింగు) కప్పులోకి మేకులా దిగుతుంది. స్పానరుకు పైపు తగిలించి లాగితే ఇక గ్రీజు పొర నిలవదు, ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. వేడికి సాగి ఇంకా బిగుస్తుంది, గ్రీజు కరిగి కారిపోతుంది. చివరికి కోను స్టబ్ యాక్సిల్ (హబ్బు ఎక్కించే ఇరుసు కొస) మీదే తిరగడం మొదలుపెట్టి దాన్ని కూడా గీరేస్తుంది. బేరింగుతో పోవాల్సిన ఖర్చు యాక్సిల్ దాకా పోతుంది.

పద్ధతి ఇదీ. చక్రాన్ని చేత్తో తిప్పుతూనే స్పానరుతో నట్టు బిగించండి, రోలర్లు సర్దుకుంటాయి. తర్వాత నట్టు పూర్తిగా వదులు చేయండి. ఈసారి స్పానరు పక్కన పెట్టి, వేళ్లతో ఆగేంతవరకే తిప్పండి. స్ప్లిట్ పిన్ను (నట్టు తిరక్కుండా అడ్డంగా దూర్చి కొసలు విడదీసే పిన్ను) బెజ్జం కలవకపోతే నట్టును వెనక్కి తిప్పే కలపాలి, ముందుకు కాదు. చాలా బండ్లకు మిగలాల్సిన ప్లే (ఊగే సందు) 0.02 నుంచి 0.12 మిల్లీమీటర్ల లోపు, అంటే చేతికి తెలిసీ తెలియనంత. మీ బండి మాన్యువల్లో వేరే లెక్క ఉంటే అదే ఫైనల్. కొత్త మోడళ్లలో బేరింగుతో కలిపి మూసేసి వచ్చే సీల్డ్ హబ్బు యూనిట్‌కు ఈ వేళ్ల లెక్క పనికిరాదు, దానికి కంపెనీ చెప్పిన టార్కుతో (కొలిచిన బిగింపుతో) బిగించాల్సిందే.

ఒక ఎండాకాలం ఉలవపాడు మామిడికాయల లోడుతో చెన్నైకి బయల్దేరిన పికప్ గూడూరు చేరకముందే ఆగిపోయింది. ఫోన్లో ఆ అబ్బాయి గొంతు వణుకుతోంది. "అన్నా, చక్రం దగ్గర పొగ వస్తా ఉంది, కాయలు మగ్గిపోతాయి, ఏం చెయ్యాల?" నీళ్లు పోయొద్దు, దానంతటదే చల్లారనీ, లోడు వేరే బండికి మార్చుకో అన్నాను. తర్వాత విప్పితే కేజ్ (రోలర్లను విడివిడిగా పట్టి ఉంచే చట్రం) నీలంగా మాడిపోయి ఉంది. పాపం, మిగతా పనంతా చక్కగా చేశాడు. కప్పులు మార్చాడు, గ్రీజు కారకుండా ఆపే సీలు కొత్తది వేశాడు. చివర్లో వాళ్ల బావ "ఊగకుండా బిగించరా" అన్నాడట.

చక్రం ఊడిపోతుందేమోనన్న భయం నాకర్థమవుతుంది. దారిలో పెళ్లాంబిడ్డలు ఎక్కే బండి, భయముంటుంది. కానీ నట్టు ఊడకుండా కాపాడేది స్ప్లిట్ పిన్ను. లాక్ వాషరున్న బండికి మడత పెట్టిన ఆ వాషరు. పాత పిన్నునే సాగదీసి మళ్లీ వేయొద్దు, కొత్తది పట్టుమని పది రూపాయలు కూడా ఉండదు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"గుయ్‌మని మోత వస్తే బేరింగే." టైరు ఎగుడుదిగుడుగా అరిగినా అదే మోత వస్తుంది. ఖాళీ రోడ్డులో స్టీరింగు కొంచెం ఎడమకు తిప్పినప్పుడు మోత పెరిగితే సాధారణంగా కుడి చక్రాన్ని అనుమానించాలి. జాకీ ఎత్తి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపండి. ఎవరినైనా బ్రేకు తొక్కమన్నప్పుడు ఊగుడు పోతే బేరింగు, పోకపోతే చక్రం పక్కలకు తిరిగే కీలు, అంటే బాల్ జాయింటో కింగ్ పిన్నో, చూసుకోవాలి.

"కప్పు బాగానే ఉంది, రోలర్లు మారిస్తే చాలు." చాలదు. రెండూ కలిసే అరుగుతాయి, జతగానే మార్చాలి.

"హబ్బు నిండా గ్రీజు కూరాలి." రోలర్ల మధ్య నిండుగా పట్టించండి, అది ముఖ్యం. హబ్బు ఖాళీనంతా కూరితే వేడెక్కి సీలు తోసుకుని బ్రేకు మీదికి వస్తుంది. పాత గ్రీజు మీదే కొత్తది రాయొద్దు, కడిగేయండి.

"జాకీ ఉంది కదా." ఇక్కడ మాత్రం నాకు కోపమొస్తుంది. చీమకుర్తి వైపు గ్రానైటు ముక్కలు ఊరికే దొరుకుతాయని దొంతరగా పేర్చి బండి నిలబెడతారు. ఆ రాయి చెప్పి పగలదు, పాలిష్ చేసిన ముఖమైతే జారుతుంది కూడా. జాకీ స్టాండ్లు పెట్టాకే కింద చెయ్యి పెట్టండి. నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా చెక్క అడ్డు వేయండి.

రొయ్యల గుంటల వైపు తిరిగే బండ్లకు ఇంకోటి. ఉప్పునీళ్లు తగిలాయని, పరుగు ఆపగానే వేడి హబ్బు మీద పైపుతో నీళ్లు కొడతారు. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి, సీలు సందులోంచి ఆ నీళ్లనే లోపలికి లాగుతుంది. చల్లారాక కడగండి.

బేరింగు మార్చాక పది కిలోమీటర్లు నడిపి రెండు హబ్బులూ తాకి చూడండి, ముందు వేలి కొసతో. గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటే కాలిపోతుంటే బ్రేకు పట్టేసిందేమో కూడా చూడండి. వెనక చక్రాల్లో బేరింగును యాక్సిల్ మీదికి ప్రెస్ చేసి ఉంటే ఇంట్లో సుత్తితో కుస్తీ పట్టొద్దు, హైడ్రాలిక్ ప్రెస్సున్న షెడ్డుకు యాక్సిల్ తీసుకుపోండి.