పాలు బంద్ చేస్తే కీళ్ల వాపు తగ్గుతదా?

మా అక్క హన్మకొండల ఉంటది. పోయిన వానకాలం ఒకరోజు వాళ్లింట్ల నేనున్న, పొద్దుగాల చాయ్ పెడదామని పాల ప్యాకెట్ మూల కత్తిరించబోయింది. బొటనవేలు కత్తెర రింగుల దూరుతలేదు, వేళ్ల కణుపులన్నీ ఉబ్బి ఎర్రగున్నయ్, రెండుమూడు సార్లు చూసి ఆఖరికి ప్యాకెట్‌ను పళ్లతో కొరికి గిన్నెల పోసింది. అప్పటిదాక ఎవ్వరికీ చెప్పలేదు, వయసుతోటి వచ్చే నొప్పులే అనుకుందట. అక్కకు 41 ఏళ్లే.

టెస్టులు చేపిస్తే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అన్నరు, మనోళ్లు కీళ్లవాతం అంటరు చూడండి, అండ్ల ఇదొక రకం. డాక్టర్ మెథోట్రెక్సేట్ రాసిండు, వారానికి ఒక్కసారే వేసుకునే గోలి, దానితోపాటు ఫోలిక్ యాసిడ్. నెల గడిచినా పెద్దగ ఫరక్ కనపడలేదు. అప్పుడు మా చిన్నమ్మ ఫోన్‌ల "బిడ్డా, పాలు పెరుగు బంద్ చెయ్, మా ఆడబిడ్డకు గట్లనే తగ్గింది" అన్నది. అక్క ఆ రోజు నుంచే చాయ్‌తో సహా అన్నీ మానేసింది. మూడు వారాలల్ల పొద్దున కీళ్లు బిగుసుకపోయే టైమ్ గంటన్నర నుంచి అరగంటకు దిగింది. ఇంట్ల అందరు పాలే కారణమని తీర్మానం చేసేసిండ్రు.

నాకైతే సంతోషంతోపాటు ఒక డౌటు కూడ వచ్చింది. మెథోట్రెక్సేట్ పని చేసుడు మొదలైతానికి మామూలుగ 6 నుంచి 12 వారాలు పడుతది. అక్క గోలీలు మొదలుపెట్టి అప్పటికి ఏడో వారం నడుస్తుంది. మరి తగ్గించింది పాలు మానుడా, గోలీనా? పైగా ఈ జబ్బు ఎప్పుడూ ఒక్క తీరుగ ఉండదు, దానంతట అదే కొన్ని రోజులు ఎక్కువైతది, కొన్ని రోజులు తగ్గుతది. మనం కొత్త ఉపాయం పట్టుకునేదేమో బాగా ఎక్కువైనప్పుడే, కాబట్టి తర్వాత ఎట్లనన్న కొంత తగ్గుతది, ఆ పేరు మనం చేసిన పనికి పోతది.

అసలు లోపల ఏమైతదంటే, రోగాల మీద కొట్లాడాల్సిన మన ఇమ్యూన్ సిస్టమ్ దారి తప్పి కీలు లోపలి పొర మీద పడుతది. ఆ పొర పేరు సైనోవియం. అక్కడికి తెల్లరక్తకణాలు చేరి టీఎన్ఎఫ్, ఐఎల్-6 లాంటి సంకేతాలు వదులుతయ్, పొర మందమైతది, నీరు చేరుతది, వదిలేస్తే ఎముకను కూడ తినేస్తది. లివర్ ఆ సంకేతాలు అందుకుని సీఆర్‌పీ అనే ప్రోటీన్ ఎక్కువ తయారు చేస్తది, రిపోర్టుల డాక్టర్ ముందుగాల చూసేవాటిల అదొకటి.

మరి ఈ జబ్బు ముచ్చట్లకు పాలెట్ల వచ్చినయ్? ఊరికే పుట్టిన మాట కాదు. 1981ల ఒక బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల ఒకామె కేసు వచ్చింది, 38 ఏళ్లామె, ఏండ్ల సంది కీళ్ల జబ్బు, రోజుకు దాదాపు అరకిలో దాక చీజ్ తినే అలవాటు. పాల పదార్థాలన్నీ ఆపితే కొన్ని వారాలల్ల బాగైంది, మళ్ల తినిపించి చూస్తే ఒక్కరోజులనే కీళ్లు వాచినయ్. 1986ల అమెరికాల పానుష్ అనే డాక్టర్ ఇంకా గట్టిగ పరీక్షించిండు. పాలపొడిని క్యాప్సూల్స్‌ల నింపి, ఏది పాలదో ఏది ఉత్తదో పేషెంట్‌కు తెల్వకుండ ఇచ్చిండు, అయినా పాలవి మింగినప్పుడే ఆమెకు కీళ్లు బిగుసుకున్నయ్. అంటే కొందరికి పాలతోటి నిజంగనే కీళ్లు వాస్తయ్, అది మనసు భ్రమ కాదు. కాకపోతే ఇసొంటోళ్లు చాలా కొద్దిమందే. మామూలు జనం మీద చేసిన పరీక్షలన్నీ కలిపి 2017ల ఒక సమీక్ష వచ్చింది, పాల అలర్జీ ఉన్నోళ్లల్ల తప్ప మిగతావాళ్లల్ల పాలు ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్ల లోపలి వాపు, పెంచుతున్నట్టు అండ్ల కనపడలేదు.

మన దిక్కు ఇంకో గందరగోళం ఉంది. "పాలు పడవు" అనే ఒక్క మాటల మూడు వేరే వేరే సంగతులు కలిసిపోయినయ్. పాల చక్కెర లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ చాలామందికి చిన్నతనం దాటినంక తగ్గిపోతది, దక్షిణాదిల ఇది మరీ ఎక్కువ, కడుపు ఉబ్బుతది, గుడగుడలాడుతది, దానికి ఇమ్యూన్ సిస్టమ్‌తోటి పనే లేదు. పాల ప్రోటీన్‌కు అలర్జీ ఉండుడు వేరు, దద్దుర్లు, పెదాల వాపు, ఒక్కోసారి ఊపిరాడకపోవుడు, ఇది ప్రమాదం, ఇసొంటోళ్లు ఇంట్ల ప్రయోగాలు అస్సలే చెయ్యొద్దు. మూడోది కీళ్ల సంగతి. కడుపు తేలికపడితే ఒళ్లంత తేలికైనట్టు అనిపిస్తది, దాన్ని కీళ్ల లెక్కల రాసేస్తం.

ఏ2 పాలు తాగితే వాపు రాదని ఎక్కువ పైసలకు అమ్ముతున్నరు కదా, దాని సంగతి కూడ చెప్తా. బీటా కేసిన్ అనే పాల ప్రోటీన్‌ల 67వ స్థానంల ఒక్క అమైనో యాసిడ్ తేడా, ఏ1ల హిస్టిడిన్, ఏ2ల ప్రోలిన్, అంతే. బర్రె పాలు ఎట్లాగూ ఏ2 రకమే. ఊర్లల్ల తరతరాలుగ బర్రె పాలే తాగినోళ్లకు కూడ కీళ్లవాతం వచ్చింది, కాబట్టి అది చూసి జేబు ఖాళీ చేసుకోకండి.

అక్కకు నేను చెప్పింది ఒక్కటే, గోలీలు ఆపకు, పాలను మళ్ల ఒక్కొక్కటే తెచ్చి చూద్దాం. డాక్టర్‌కు కూడ చెప్పినం. ఒక నోట్‌బుక్ పెట్టింది, రోజూ లేచినంక పిడికిలి పూర్తిగ ముడుచుకునేటందుకు ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుడు, ఇంకేం లేదు. మొదటి వారం పెరుగు ఒక్కటే, 25, 30, 25, 20, ఏం మారలేదు. పెరుగుల బాక్టీరియా లాక్టోజ్‌ను కొంత తినేస్తది కాబట్టి కడుపు కూడ బాగనే ఉంది. రెండో వారం పాలు, రోజుకు రెండు గ్లాసులు. రెండు గంటలల్ల కడుపు ఉబ్బుడు మొదలైంది, నిమిషాలు మాత్రం 20, 25 దగ్గరనే ఉన్నయ్. అక్క విషయంల పాలు కడుపుకు పడలేదు, కీళ్లకు సంబంధమే లేదు. ఇంకొకరి నోట్‌బుక్‌ల వేరే అంకెలు రావచ్చు, ఆ నిమిషాలు మళ్ల గంట దాక ఎక్కినయంటే వాళ్లు నిజంగనే మానేయాల్సినోళ్లు కావచ్చు.

మానేసేటోళ్లు కాల్షియం లెక్క మాత్రం మరువొద్దు. పెద్దోళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని మన హైదరాబాద్‌లనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020ల చెప్పింది. ఈ జబ్బే ఎముకను పలుచన చేస్తది, స్టెరాయిడ్ గోలీలు పడితే ఇంకా ఎక్కువ. వంద గ్రాముల రాగుల సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటది, నువ్వులల్ల వెయ్యి పైనే, అందుకే అక్క రోజూ ఒక పూట రాగంబలి తాగుతది, బతుకమ్మకు చేసే నువ్వుల ముద్దలు ఇప్పుడు డబ్బాల ఎప్పుడూ ఉంటయ్.

నాకు బాధయ్యేది ఎక్కడంటే, పాలు మానినంక తగ్గిందని గోలీలు కూడ ఆపేసెటోళ్లను నేను చూసిన. నొప్పి లేకున్నా లోపల ఎముక అరుగుడు నడుస్తనే ఉండొచ్చు, ఆ అరిగింది మళ్ల రాదు.

సంక్రాంతికి అక్క వాళ్లింటికి పోయిన. నేల మీద తెల్లబట్ట పరిచి సకినాలు చుడుతుంది, బొటనవేలు చూపుడువేలు మధ్యల పిండి తిప్పుకుంట, నువ్వులు మెరుస్తున్నయ్, ఒక్కోటి నాలుగు చుట్లు. ఐదో చుట్టు కూడ వేసి నా దిక్కు చూసింది.