అరచెయ్యి తగిలితే క్లిక్ ఎందుకవుతుంది?

తలొంచుకుని ల్యాప్‌టాప్‌లో టైపు చేసుకుంటూ పోతాం. తలెత్తి చూస్తే చివరి అరవాక్యం మూడు పేరాల పైన ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. ఒక్కోసారి పేరా పేరానే సెలెక్ట్ అయిపోయి, ఆ తర్వాత నొక్కిన అక్షరం దాన్నంతా తుడిచేస్తుంది. ట్రాక్‌ప్యాడ్ మరీ సెన్సిటివ్‌గా ఉందనీ, ఏం చెయ్యాలనీ చాలామంది అడుగుతుంటారు. వైరస్ అయ్యుంటుందని ఫార్మాట్ కొట్టించేవాళ్లూ ఉన్నారు. ఫార్మాట్ అయిన సాయంత్రమే కర్సర్ మళ్లీ గెంతుతుంది, ఎందుకంటే కారణం బొటనవేలి మొదట్లో ఉండే మెత్తటి కండ. దాన్ని ఏ ఫార్మాటూ చెరపలేదు.

ముందు ఒకటి గమనించండి. టైపు చేస్తుండగా బాణం గుర్తు తెర మీద ఎటు తిరిగినా నష్టం లేదు. అక్షరాలు పడేది మిణుకుమిణుకుమనే నిలువు గీత దగ్గర. ఆ గీత జరగాలంటే క్లిక్ పడాలి. ప్యాడ్‌ని మనం నొక్కనే లేదు కాబట్టి ఆ క్లిక్ వచ్చింది ‘ట్యాప్’ నుంచి, అంటే తాకి వదిలితే క్లిక్‌గా లెక్కేసే సదుపాయం నుంచి. దాన్ని ఆపేస్తే పీడ ముప్పాతిక వంతు పోతుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, టచ్‌ప్యాడ్, ట్యాప్స్ వరకు వెళ్లి, ఒంటి వేలి ట్యాప్‌తో క్లిక్ అయ్యే గడిలో టిక్కు తీసెయ్యండి. ‘రెండుసార్లు తట్టి లాగడం’ అనే గడిలోనూ తీసెయ్యండి, పేరాలు సెలెక్ట్ అయ్యేది దానివల్లే. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, ట్రాక్‌ప్యాడ్, ‘ట్యాప్ టు క్లిక్’. ఇక నుంచి క్లిక్ కావాలంటే ప్యాడ్‌ని కిందికి నొక్కాలి. రెండ్రోజుల్లో అలవాటవుతుంది.

తొందరగా పని అయిపోవాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. అసలు రుచి ఇక ముందుంది.

ఇంటర్ ఫిజిక్స్‌లో కెపాసిటర్ సూత్రం బట్టీ పట్టని వాళ్లు మన దగ్గర తక్కువ. పలకల వైశాల్యం పెరిగితే కెపాసిటెన్స్, అంటే ఆవేశాన్ని నిల్వ చేసే సామర్థ్యం, పెరుగుతుంది, వాటి మధ్య దూరం పెరిగితే తగ్గుతుంది. పరీక్షకి రెండు మార్కుల ప్రశ్న. అదే సూత్రం రోజంతా మన మణికట్టు కిందే పనిచేస్తుంటుందని మాత్రం క్లాసులో ఎవరూ చెప్పరు. ప్యాడ్ గాజు కింద అడ్డంగా, నిలువుగా సన్నటి లోహపు పట్టీలు అల్లి ఉంటాయి. వేలు దగ్గరకొస్తే పట్టీల దగ్గర కెపాసిటెన్స్ మారుతుంది. చిప్ ఆ మార్పుని సెకనుకి వంద సార్ల చొప్పున కొలుస్తుంటుంది.

ఒక లెక్క వేద్దాం. గాజు మందం అర మిల్లీమీటరు, దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం (మధ్యలో ఉన్న పదార్థం కెపాసిటెన్స్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె) 7, వేలికొన ఆనిన చోటు 1 చదరపు సెంటీమీటరు అనుకుందాం. సూత్రంలో పెడితే వేలికీ పట్టీలకీ మధ్య సుమారు 12 పికోఫారడ్లు. వేలిని గాజుకి 1 మిల్లీమీటరు పైకెత్తితే అది 0.8కి పడిపోతుంది. గాలి స్థిరాంకం 1 కాబట్టి ఒక మిల్లీమీటరు గాలి ఏడు మిల్లీమీటర్ల గాజుతో సమానం. ఇప్పుడు అరచేతి సంగతి చూడండి. 10 చదరపు సెంటీమీటర్ల అరచెయ్యి ప్యాడ్‌ని తాకకుండా 1 మిల్లీమీటరు ఎత్తులో ఉంటే 8 పికోఫారడ్లు. అంటే మొత్తం మీద చూస్తే, తాకని అరచెయ్యీ తాకిన వేలూ కాస్త అటూ ఇటూగా ఒకటే! అందుకే చిప్ మొత్తాన్ని నమ్మదు, పట్టీలు ఒకదాన్నొకటి దాటే ఒక్కో కూడలిని విడిగా చూస్తుంది. వేలైతే కొద్ది కూడళ్లలోనే మార్పు గట్టిగా ఉంటుంది, అరచెయ్యి అయితే చాలా కూడళ్లలో పల్చగా పరుచుకుంటుంది. కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. కానీ టైపు చేసేటప్పుడు అరచెయ్యి మొత్తం ఎప్పుడూ ఆనదు. ‘బి’ కోసమో ‘స్పేస్’ కోసమో వేళ్లు కిందికి దిగినప్పుడు బొటనవేలి కండ అంచు మాత్రం పదో వంతు సెకను పాటు గీరుకుని లేస్తుంది. వైశాల్యం వేలికొనంతే, గట్టిదనం వేలికొనంతే. చిప్ దగ్గర ఉన్న పదో పన్నెండో కొలతల్లో అది అచ్చం వేలే.

ట్యాప్‌తో ఇంకో చిక్కుంది. అది ట్యాపో కాదో అయిపోయాక గానీ తెలియదు. పల్లెవెలుగు బస్సులో కండక్టర్ గంట ఒకసారి కొడితే ఆపమని, రెండుసార్లు కొడితే పొమ్మని. మొదటి గంట వినపడగానే డ్రైవర్‌కి సంగతి పూర్తిగా తెలియదు, రెండోది వస్తుందేమోనని క్షణం ఆగాలి. మరీ ఆగితే స్టేజీ దాటిపోతుంది, అసలు ఆగకపోతే వెళ్లమన్నప్పుడు బ్రేకు వేస్తాడు. లినక్స్‌లో ట్రాక్‌ప్యాడ్‌ని నడిపే లిబ్ఇన్‌పుట్ ఆ క్షణాన్ని 180 మిల్లీసెకన్లుగా పెట్టుకుంది. అంతలోపు వేలు లేచిపోతే, అదీ 1.3 మిల్లీమీటర్లకి మించి జరగకుండా లేస్తే ట్యాప్. లేకపోతే అది మామూలుగా బాణాన్ని జరపడం.

బస్సు కిక్కిరిసి ఉండి, ఎవరి సంచో తాడుకి తగిలి గంట మోగిందనుకోండి. అరచెయ్యి చేసేది అదే పని. గంట శబ్దంలో తేడా ఉండదు. అయినా డ్రైవర్ కొంత ఊహించగలడు. అద్దంలో చూస్తే కండక్టర్ రెండు చేతులా టిక్కెట్లు కొడుతున్నాడు, కాబట్టి ఈ గంట అతనిది కాదు. ట్రాక్‌ప్యాడ్ సాఫ్ట్‌వేర్ చేసే అతి తెలివైన పని ఇదే: వేళ్లు కీబోర్డు మీద ఉన్నాయి కాబట్టి ప్యాడ్ మీది స్పర్శ వేలిది కాదు. లిబ్ఇన్‌పుట్‌లో ఒక్క కీ నొక్కితే 200 మిల్లీసెకన్లు, ఎడతెగకుండా టైపు చేస్తుంటే చివరి కీ తర్వాత 500 మిల్లీసెకన్లు ప్యాడ్ చెవులు మూసుకుంటుంది. విండోస్‌లో ‘టచ్‌ప్యాడ్ సెన్సిటివిటీ’ అని నాలుగు మెట్లున్న సెట్టింగ్ కూడా ఈ జాతిదే. పేరు చూసి గాజు కింది కొలతల్ని సవరిస్తుందనుకుంటారు. విండోస్ 8.1లో ఇదే ‘ట్యాప్ పనిచేసే ముందు ఎంత ఆలస్యం’ అన్న పేరుతో ఉండేది, ఆ పేరే బాగుండేది. ట్యాప్ లేకుండా బతకలేనివాళ్లు దీన్ని ‘లో’ (తక్కువ) అనే మెట్టు మీద పెట్టుకోవాలి. ‘మోస్ట్ సెన్సిటివ్’ అంటే ఆలస్యం అస్సలు లేదని. ఒక చేత్తో కీలు, ఇంకో చేత్తో ప్యాడ్ వాడుతూ ఆటలాడేవాళ్లకి తప్ప అది ఎవరికీ వద్దు.

ఈ ఏర్పాటులో తెలుగు టైపు చేసేవాళ్లని ఇబ్బంది పెట్టే చిల్లు ఒకటుంది. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ లాంటి కీలు నొక్కితే లిబ్ఇన్‌పుట్ దాన్ని టైపింగ్‌గా లెక్కెయ్యదు. కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేసేవాళ్లకి అడ్డు రాకూడదని అలా పెట్టారు. భారతీయ భాషలకి ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘అ’ అంటే షిఫ్ట్‌తో డి, ‘ఆ’ అంటే షిఫ్ట్‌తో ఇ, ‘ఇ’ అంటే షిఫ్ట్‌తో ఎఫ్. అచ్చులూ, ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలూ చాలావరకు షిఫ్ట్‌తోనే. కాసేపు ఆలోచించి ‘అయితే’ అని మొదలుపెట్టారంటే ముందు పడేది షిఫ్ట్. చిటికెనవేలు షిఫ్ట్ మీదికి చాచినప్పుడు మణికట్టు తిరిగి కిందికి వాలుతుంది. సరిగ్గా అప్పుడే ప్యాడ్ మేలుకుని ఉంటుంది.

ఇంకో చిల్లు: లినక్స్‌లో యూఎస్‌బీ కీబోర్డు తగిలించి దాని మీద టైపు చేస్తే ఈ రక్షణ పనిచెయ్యదు, ల్యాప్‌టాప్ సొంత కీబోర్డుకే అది జత. కీలని మార్చుకునే కీడీ లాంటి ప్రోగ్రాములు కూడా ఊహా కీబోర్డుని సృష్టిస్తాయి కాబట్టి వాటితోనూ ఇదే తంటా. పరికరాల వారీగా మినహాయింపులు రాసుకునే లిబ్ఇన్‌పుట్ ‘క్విర్క్స్’ ఫైలులో ఆ ఊహా కీబోర్డు లోపలిదేనని రాస్తే సరిపోతుంది.

కొనేముందు చూసుకోవలసింది ఒకటుంది. పక్కన అంకెల కీలున్న 15.6 అంగుళాల మోడళ్లలో అక్షరాల కీలు ఎడమకి జరిగి ఉంటాయి. ప్యాడ్‌ని మాత్రం పెట్టె నడిమధ్యలో బిగిస్తే కుడి అరచెయ్యి పూర్తిగా దాని మీదే పడుతుంది. జి, హెచ్ కీల మధ్య నుంచి కిందికి ఒక గీత ఊహించుకోండి. ప్యాడ్ మధ్యభాగం ఆ గీత మీదికి రావాలి.

ప్యాడ్ మీద విజిటింగ్ కార్డు పెట్టుకునేవాళ్లున్నారు. పిచ్చి పనేం కాదు, దూరం పెంచడమేగా. కాకపోతే పల్చటి కార్డు చాలదు, రెండు మిల్లీమీటర్ల అట్ట కావాలి. స్టిక్కర్లు మాత్రం వద్దు. కింద బుడగ మిగిలిన చోట ఒక తీరుగా, అంటుకున్న చోట ఇంకో తీరుగా పనిచేస్తాయి.

ఎవరూ తాకకుండానే బాణం వణుకుతుంటే, లేదా వేలు పెట్టగానే గెంతుతుంటే, పైన చెప్పిన ఏ సెట్టింగూ పనిచెయ్యదు. చెమటేమో చూడండి. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం 80 దగ్గర, తడి మరకే చిప్‌కి వేలులా కనిపించగలదు. పొడిగుడ్డతో తుడిచి, కొన్ని సెకన్లు చెయ్యి తీసెయ్యండి, చిప్ తన ఖాళీ కొలతని మళ్లీ సరిచేసుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే చార్జర్ పీకండి. వెంటనే బుద్ధిగా ఉంటే లోపం ఎర్తింగ్‌లో ఉండొచ్చు. చార్జర్ లోపలి చిన్న కెపాసిటర్ల గుండా వచ్చే అలజడి ఎర్త్ దారి లేక మీ వేలి గుండా పోతుంది. లోహపు బాడీ ల్యాప్‌టాప్‌ని తడిమితే జివ్వుమనేది కూడా దీనివల్లే. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించకండి. సాకెట్‌లో ఎర్త్ రంధ్రం ఉండి లోపల వైరు లేని ఇళ్లు మన దగ్గర బోలెడు. ఎలక్ట్రీషియన్ చేత ఫేజుకీ ఎర్తుకీ మధ్య మీటరు పెట్టించండి, 230 వోల్టుల దరిదాపుల్లో చూపించాలి. ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్త్ గొయ్యి ఎండాకాలంలో ఎండిపోతుంది, బకెట్ నీళ్లు పొయ్యాలి. సాకెట్‌లో ఎర్త్‌ని న్యూట్రల్‌కి కలిపేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. న్యూట్రల్ తెగిన రోజు ఫేజు నేరుగా బాడీ మీదికొస్తుంది.

చివరిగా, ప్యాడ్ ఒక వైపు పైకి లేచినట్టుందా? నొక్కితే బిర్రుగా ఉందా? మూత పూర్తిగా మూసుకోవడం లేదా? చదునైన బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతోందా? లోపల లిథియం బ్యాటరీ గ్యాసుతో ఉబ్బి ప్యాడ్‌ని కింద నుంచి తోస్తుండొచ్చు. చార్జింగ్ ఆపేసి, ల్యాప్‌టాప్‌ని పూర్తిగా ఆఫ్ చేసి, బ్యాటరీ మార్పించండి. ఉబ్బుని చేత్తో అదిమి సరిచెయ్యాలనీ, పొడిచి గాలి తియ్యాలనీ చూడకండి, అంటుకుంటుంది.