నేర్చుకునేవాళ్ల బండికి ఎంత పవర్? 1981లో రెండుగా చీలిన వాదన

బైక్ నేర్చుకునేవాళ్ల చేతికి ఎంత పవరున్న బండి ఇవ్వాలన్న తగువు మళ్ళీ పైకి వచ్చింది. ఈసారి దాన్ని కదిపింది విద్యుత్ మోటార్‌సైకిళ్లు. యూరప్‌లో 16 ఏళ్లకే లైసెన్స్ ఇవ్వడానికి వీలున్న ఎ1 తరగతి బండికి పరిమితి 11 కిలోవాట్లు. పెట్రోలు బండికైతే అది ఇంజిన్ ఇవ్వగల గరిష్ఠ శక్తి. విద్యుత్ బండికి మాత్రం మోటారు వేడెక్కి తగ్గకుండా నిలకడగా ఇవ్వగల శక్తిని లెక్కలోకి తీసుకుంటారు. కాసేపటి వరకూ అదే మోటారు దానికి రెట్టింపు, ఇంకా పైన కూడా ఇవ్వగలదు. అంటే కాగితం మీద 11 కిలోవాట్లే ఉన్న బండి సిగ్నల్ దగ్గర నుంచి అంతకన్నా చాలా పెద్ద బండిలా దూసుకుపోతుంది. పరిమితి ఉద్దేశమే దెబ్బతింటోందని ఒక పక్షం అంటోంది. కొత్తవాళ్ల ప్రమాదాలకు పవర్ కారణమని ఎప్పుడు రుజువైందని రెండో పక్షం అడుగుతోంది.

లైసెన్సులు ఎప్పుడు పుట్టాయి, మొదటి పరిమితులు ఎవరు పెట్టారు అన్న పాత కథ జోలికి పోనక్కర్లేదు. నేరుగా 1981కి రావాలి. ఇవాళ్టి రెండు పక్షాలూ ఆ ఏడాదే వేరు దారులు పట్టాయి.

ఆ ఏడాది అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకుడు హ్యారీ హర్ట్ బృందం తన నివేదిక బయటపెట్టింది. లాస్ ఏంజిల్స్ పరిసరాల్లో జరిగిన 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను వాళ్లు జరిగిన చోటికే వెళ్లి పరిశీలించారు. వాటితో పాటు 3,600 పోలీసు రిపోర్టులు చదివారు. అప్పటిదాకా ఈ విషయంలో ఊహలే ఎక్కువ, కొలతలు తక్కువ. హర్ట్ బృందం రోడ్డు మీది టైరు గీతలు కొలిచి, విరిగిన భాగాలు చూసి, బండి నడిపినవాళ్లతో మాట్లాడి లెక్క కట్టింది.

తేలిన వేగాలు చాలామంది అనుకున్నట్టు లేవు. ప్రమాదం ముంచుకొచ్చే ముందు బండి వేగం, మధ్యస్థ విలువ ప్రకారం, గంటకు 48 కి.మీ. ఢీకొన్న క్షణంలో వేగం దాదాపు 35 కి.మీ. ఈ వేగం అందుకోవడానికి పెద్ద ఇంజిన్ అవసరం లేదు, మోపెడ్ కూడా చాలు. దాదాపు నాలుగింట మూడొంతుల ప్రమాదాల్లో ఇంకో వాహనం ఉంది, ఎక్కువగా కారు. అలాంటి వాటిలో మూడింట రెండొంతుల సందర్భాల్లో తప్పు ఆ వాహనం నడిపేవారిది. బైకును చూడకుండానే దారికి అడ్డంగా తిప్పారు. చూసి, తేల్చుకుని, బ్రేకు వేయడానికి బైకు మీది మనిషికి దొరికిన సమయం రెండు సెకన్ల లోపే. ఆ రెండు సెకన్లలో చాలామంది వెనక బ్రేకును గట్టిగా తొక్కి చక్రం బిగుసుకుపోయేలా చేశారు. నిజంగా బండిని ఆపగలిగే ముందు బ్రేకును సరిగ్గా వాడలేదు.

ఇంతకన్నా బరువైన సంగతి ఇంకోటి ఉంది. ప్రమాదంలో చిక్కినవారిలో 92 శాతం మంది ఎవరి దగ్గరా పద్ధతిగా నేర్చుకోలేదు. సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నారు. రోడ్డు మీద బండి నడిపిన అనుభవం మొత్తమ్మీద మూడేళ్ల దాకా ఉన్నా, సగం మందికి పైగా ప్రమాదం జరిగిన ఆ బండి మీద గడిపింది ఐదు నెలల లోపే. ఇంజిన్ సైజు సంగతీ ఆ నివేదికలోనే ఉంది. రోడ్డు మీద పెద్ద ఇంజిన్ బళ్లు ఎన్ని ఉన్నాయో చూస్తే, ప్రమాదాల్లో వాటి వాటా తక్కువే. కాకపోతే అవి చిక్కుకున్నప్పుడు గాయాల తీవ్రత ఎక్కువ.

అదే 1981లో బ్రిటన్ పార్లమెంటు రవాణా చట్టం చేసింది. అప్పటిదాకా అక్కడ 17 ఏళ్ల కుర్రాడు ఎల్ బోర్డు కట్టుకుని 250 సీసీ బండి మీద ఒంటరిగా రోడ్డెక్కవచ్చు. శిక్షణ తప్పనిసరి కాదు. 250 సీసీ గీత గీసినప్పుడు ఆ సైజు బళ్లు నెమ్మదైనవి. 1978 నాటికి పరిస్థితి మారింది. సుజుకి తన జీటీ250 ఎక్స్7 బండిని గంటకు 100 మైళ్లు, అంటే 160 కి.మీ. అందుకునే 250గా ప్రచారం చేసింది. 1980లో యమహా ఆర్‌డీ250ఎల్‌సీ దించింది. నేర్చుకునేవాళ్ల తరగతిలోనే ఈ బళ్లు అమ్ముడుపోయాయి. జనం భయపడ్డారు, ఆ భయంలో న్యాయం ఉంది.

చట్టం రెండు పనులు చేసింది. 1982 నుంచి లైసెన్స్ పరీక్షను రెండు భాగాలు చేసింది, 1983 నుంచి లెర్నర్ల బండిని 125 సీసీ, 12 హార్స్ పవర్‌కు దించింది. తాత్కాలిక లైసెన్స్‌కు రెండేళ్ల గడువు కూడా పెట్టింది. ఎడతెగని ఎల్ బోర్డు బతుకు అక్కడితో పోయింది. ఇన్ని మార్పులు ఏడాది తేడాలో వచ్చాయి. ఆ తర్వాత తగ్గిన ప్రమాదాల్లో ఏ మార్పు వాటా ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. పైగా లెర్నర్ల బళ్ల అమ్మకాలే పడిపోయాయి. రోడ్డు మీద బళ్లు తగ్గితే ప్రమాదాలు ఎలాగూ తగ్గుతాయి. అయినా జనం నోళ్లలో నిలబడింది ఒక్క 125 అంకె. అది గుర్తుపెట్టుకోవడానికి తేలిక, కాగితం మీద రాయడానికి ఇంకా తేలిక.

అప్పటి శిక్షణ ఎంత పలచగా ఉండేదో చెప్పుకుంటే ఇది ఇంకాస్త తెలుస్తుంది. ఆ కాలంలో రోడ్డు పరీక్షంటే అధికారి ఫుట్‌పాత్ మీద నిలబడి ఉంటే, అభ్యర్థి వీధుల చుట్టూ తిరిగి రావడమే. కంటికి కనపడని మలుపుల్లో అతను ఏం చేశాడో చూసినవాళ్లు లేరు. రోడ్డెక్కే ముందు ప్రాథమిక శిక్షణ తప్పనిసరి అయింది 1990 డిసెంబరులో. అంటే పవర్‌కు గీత గీసిన ఏడేళ్లకు గానీ నేర్పించడం మొదలు కాలేదు. ఈ వరుస తలకిందులైందన్నది నా గట్టి అభిప్రాయం.

పవర్ గీతను తయారీదారులు ఎంత తేలిగ్గా దాటతారో బ్రిటన్‌కు అంతకు ముందే అనుభవం. 1971 చివర్లో 16 ఏళ్లవాళ్లను 50 సీసీకి కుదించారు, పెడళ్లు ఉండాలన్నారు. కంపెనీలు పెడళ్లు తగిలించి గంటకు 70 కి.మీ. పైన పరిగెత్తే స్పోర్ట్స్ మోపెడ్లు తెచ్చాయి. వాటిలో యమహా ఎఫ్ఎస్1-ఇ బాగా పేరు పడింది. చివరికి 1977లో కొత్త మోపెడ్ల వేగానికే 30 మైళ్ల హద్దు పెట్టాల్సి వచ్చింది. సీసీని కొలిస్తే పవర్ పెంచారు. ఇవాళ నిలకడ పవర్‌ను కొలుస్తుంటే గరిష్ఠ పవర్ పెరుగుతోంది.

ఇదే ఆలోచన పెద్దవాళ్ల బళ్ల మీదికీ వచ్చింది. 1990ల మొదట్లో యూరోపియన్ కమిషనర్ మార్టిన్ బాంగెమన్ మోటార్‌సైకిళ్లన్నిటికీ 100 హార్స్ పవర్, అంటే 74 కిలోవాట్ల పరిమితి ప్రతిపాదించారు. బైకర్లు దేశదేశాల్లో రోడ్డెక్కారు. 1995లో యూరోపియన్ యూనియన్ చేసిన ఆదేశం ఆ నిర్ణయాన్ని సభ్యదేశాల ఇష్టానికి వదిలేసింది. తర్వాత యూరోపియన్ కమిషన్ తనే నెదర్లాండ్స్ పరిశోధన సంస్థ టీఎన్ఓకు అధ్యయనం అప్పగించింది. 1997లో వచ్చిన జవాబు: ఇంజిన్ సైజు ప్రమాదాలకు పెద్ద కారణమని చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదు. 1980ల నుంచే 100 హార్స్ పవర్ హద్దు పెట్టుకున్న ఫ్రాన్స్ కూడా 2016లో దాన్ని ఎత్తేసింది.

పవర్‌కు పరిమితి కోరే పక్షానికి ఆధారాలు లేవని అనడం తప్పు. అమెరికా బీమా సంస్థల రహదారి భద్రతా కేంద్రం ఐఐహెచ్ఎస్ 2007లో లెక్కలు తీసింది. సూపర్‌స్పోర్ట్ బళ్లు నడిపేవారి మరణాల రేటు మిగతా రకాల మీద దాదాపు నాలుగు రెట్లు ఉంది. బరువుతో పోలిస్తే పవర్ విపరీతంగా ఉండే బళ్లివి. రేజ్ ఇచ్చే చెయ్యే హ్యాండిల్ పట్టుకునే చెయ్యి కూడా కాబట్టి, కొత్తవాడు ఉలిక్కిపడితే ఒళ్లు వెనక్కి పోతుంది, మణికట్టు ఇంకా తిరుగుతుంది, బండి ఇంకా దూకుతుంది. చిన్న ఇంజిన్ ఈ పొరపాటును క్షమిస్తుంది, పెద్దది క్షమించదు. కానీ సూపర్‌స్పోర్ట్ మీద పోయినవారిలో ముప్పై లోపు వయసువాళ్లు ఎక్కువ. వాటికన్నా పెద్ద ఇంజిన్లున్న టూరింగ్ బళ్ల మీద వెళ్లేవాళ్లు వయసు మళ్లినవాళ్లు, వాళ్ల మరణాల రేటు ఎంతో తక్కువ. ఆ బండిని ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు అన్నది తీసేసి చూస్తే పవర్ వంతు ఎంత మిగులుతుందో చెప్పడం తేలిక కాదు.

ఆస్ట్రేలియా ఇందులోంచి కొంత నేర్చుకుంది. అక్కడా మొదట్లో 250 సీసీ చుట్టూ గీసిన గీతే ఉండేది. దాని నీడలో అప్రిలియా ఆర్ఎస్250 లాంటి పదునైన టూ స్ట్రోక్ బండి కొత్తవాడికి చట్టబద్ధంగా దొరికేది, నెమ్మదిగా నడిచే పెద్ద సింగిల్ సిలిండర్ బండి దొరికేది కాదు. తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటిగా పద్ధతి మార్చాయి, విక్టోరియా 2008 జూలైలో మారింది. టన్ను బరువుకు 150 కిలోవాట్లు, 660 సీసీ దాటకూడదు, పదునైన 250లు పేరుపేరునా నిషేధం. న్యూజిలాండ్ 2012లో ఇదే బాట పట్టింది. పవర్‌ను కొలవాలనుకుంటే సీసీ కన్నా ఇది చాలా మంచి కొలమానం.

ఆ న్యూజిలాండ్ నుంచే హర్ట్ మాటకు బలం చేకూర్చే అధ్యయనం కూడా వచ్చింది. ఆక్లండ్ ప్రాంతంలో గాయపడిన బైకర్లను, క్షేమంగా తిరుగుతున్న బైకర్లను పోల్చి చూసి 2000లో ప్రచురించారు. ఎన్నేళ్లుగా నడుపుతున్నారన్న లెక్కకు వయసును కూడా కలిపి చూస్తే రక్షణ అంత గట్టిగా కనపడలేదు. అనుభవానికి సంబంధించిన కొలతల్లో గట్టిగా నిలబడింది ఒక్కటే: ఇప్పుడు నడుపుతున్న ఆ బండితో పరిచయం. అదే బండి మీద 10,000 కి.మీ. తిరిగినవాళ్లకు ముప్పు బాగా తక్కువ. లాస్ ఏంజిల్స్‌లో కనపడిన ఐదు నెలలకూ దీనికీ ఉన్న పోలికను పవర్ పరిమితి కోరేవాళ్లు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు.

2013 జనవరి నుంచి అమల్లో ఉన్న యూరప్ మెట్ల పద్ధతిని ఈ వెలుగులో చూడాలి. ఎ1లో 11 కిలోవాట్లు, ఎ2లో 35, ఆ తర్వాత హద్దు లేదు. ఒక మెట్టు మీద రెండేళ్లు గడిపితే పరీక్షతోనో, కనీసం ఏడు గంటల శిక్షణతోనో పై మెట్టు ఎక్కవచ్చు. ఆ రెండేళ్లూ బండి షెడ్డులో ఉన్నా లైసెన్స్ వయసు పెరుగుతూనే ఉంటుంది. మెట్టు మారిన ప్రతిసారీ చాలామంది బండి మారుస్తారు. బరువు, బ్రేకు, క్లచ్ అన్నీ కొత్త. పాత లెర్నరు మళ్ళీ మొదటి ఐదు నెలల్లో పడతాడు, చేతికి ఈసారి ఎక్కువ పవరుంటుంది.

అయితే ఎ2 నిబంధనల్లోనే ఒక మంచి వీలుంది. 70 కిలోవాట్ల లోపు బండిని 35కి తగ్గించి నడపవచ్చు, పూర్తి లైసెన్స్ వచ్చాక అదే బండికి ఆ అడ్డు తీయించుకోవచ్చు. పవర్ పెరుగుతుంది, బండి మారదు. విద్యుత్ బండిలోనైతే ఈ అడ్డును సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టవచ్చు, తీయవచ్చు. తిరిగిన కిలోమీటర్లు కూడా బండిలోనే నమోదవుతాయి. గరిష్ఠ పవర్‌ను లెక్కలోకి తేవాలని ఇవాళ అడుగుతున్నవాళ్లు, పై మెట్టు ఎక్కడానికి రెండేళ్ల గడువు బదులు అదే బండి మీద తిరిగిన దూరాన్ని, ఏడు గంటల కన్నా ఎక్కువ శిక్షణను కూడా అడగాలి.