ఆసియాకి గురుబలం ఎంత?

"కుజుడికీ గురుడికీ మధ్య ఉన్న గ్రహశకలాల పట్టీలో ఖాళీ వలయాలు ఉన్నాయని చదివాను. అక్కడికి వెళ్తే నిజంగా ఏమీ కనబడదా?" అని ఒక పాఠకుడు అడిగారు. కనబడుతుంది. మద్రాసులో దొరికిన శకలమే ఒకటి ఆ ఖాళీని అడ్డంగా దాటుతూ తిరుగుతోంది.

దాని పేరు ఆసియా, వరుస సంఖ్య 67. 1861 ఏప్రిల్ 17న మద్రాసు వేధశాలలో నార్మన్ పాగ్సన్ దాన్ని పట్టుకున్నాడు. ఆసియా ఖండం నుంచి కనుగొన్న మొదటి గ్రహశకలం కాబట్టి ఆ పేరు. అప్పటికి ఫొటోలు తీసి వెతికే పద్ధతి రాలేదు. నక్షత్రపటం పక్కన పెట్టుకుని, దుర్భిణిలో కనబడిన ఒక్కో చుక్కనీ దాంతో సరిచూడాలి. పటంలో లేని చుక్క తగిలితే గుర్తు పెట్టుకుని మర్నాడు రాత్రి మళ్ళీ చూడాలి. కదలకపోతే, అది పటం గీసినవాడు వదిలేసిన నక్షత్రం. కదిలిందా, పంట పండినట్టే! సూర్యుడికి ఎదురు దిక్కున ఉన్న రోజుల్లో ఇలాంటి శకలం రోజుకి పావు డిగ్రీ దాకా జరుగుతుంది, అంటే చంద్రబింబం వెడల్పులో సగం. మద్రాసులో ఉండగా పాగ్సన్ ఇలా ఐదింటిని పట్టాడు.

ఇక కక్ష్య. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం 1 అనుకుంటే ఆసియా సగటు దూరం 2.42. ఉత్కేంద్రత 0.185, అంటే కాస్త కోలగానే ఉంది. దగ్గరికొస్తే 1.97, దూరం పోతే 2.87. ఒక చుట్టుకి 3.77 ఏళ్లు. 1866లో అమెరికన్ ఖగోళవేత్త డేనియల్ కర్క్‌వుడ్ ఎత్తి చూపిన ఖాళీల్లో ఒకటి 2.5 దగ్గర ఉంది. ఆసియా ప్రతి చుట్టులోనూ దాన్ని రెండుసార్లు దాటుతుంది. ఎందుకంటే ఖాళీ ఉన్నది ఆకాశంలో కాదు, శకలాల సగటు దూరాల పట్టికలో: సగటు దూరం 2.5 ఉన్న శకలాలు దాదాపు లేవు.

ఆ పట్టికలో 2.5 దగ్గరే ఎందుకు? సగటు దూరం 2.5 అయితే చుట్టుకి 3.95 ఏళ్లు పడుతుంది. గురుగ్రహానికి 11.86 ఏళ్లు, అంటే మూడు రెట్లు. సూర్యుడి నుంచి చూస్తే ఈ రెండూ ఒకే దిక్కున కలిసేది 5.93 ఏళ్లకోసారి. ఆలోగా గురుడు సరిగ్గా అర చుట్టు తిరుగుతాడు. కాబట్టి కలయికలన్నీ ఎదురెదురుగా ఉన్న రెండు దిక్కుల్లోనే జరుగుతాయి. చూరు నీళ్ళు ఎప్పుడూ ఒకేచోట పడితే కింద గుంట పడుతుంది. ఒక్కో చుక్క బలం చూస్తే ఏమీ లేదు, పడే చోటు మారకపోవడమే దాని బలం. గురుడి లాగుడూ అంతే. 1980ల మొదట్లో జాక్ విజ్డమ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఇలాంటి కక్ష్యలను కంప్యూటర్లో లక్షల ఏళ్లు ముందుకి నడిపి చూశాడు. చాలాకాలం బుద్ధిగా తిరిగిన కక్ష్య ఉన్నట్టుండి ఉత్కేంద్రత 0.3 దాటేలా సాగిపోయి కుజుడి దారిలోకి చొరబడింది! గురుబలం ఉంటే పెళ్లి కుదురుతుందని జాతకాలవాళ్ళు అంటారు. ఇక్కడ గురుబలం ఎక్కువైతే ఉన్న ఇల్లు వదిలి పోవడమే.

మరి ఆసియా? 2.42కీ 2.5కీ తేడా కొంచెమే. కానీ గురుడితో కలయిక సగటున 5.52 ఏళ్లకే వచ్చేస్తుంది, అప్పటికి గురుడు 167.5 డిగ్రీలే తిరుగుతాడు. రెండు కలయికలకి 335. పూర్తి చుట్టుకి 25 డిగ్రీలు తక్కువ. అంటే చూరు నీళ్ళు పడే చోటు పదకొండేళ్లకి 25 డిగ్రీలు వెనక్కి జరుగుతుంది. నేలంతా తడుస్తుంది, గుంట మాత్రం పడదు. ఒక దిక్కున లాగింది మరో దిక్కున లాగినదానితో చెల్లిపోతుంది. ఆ చోటు ఇలా జరుగుతూ కక్ష్య చుట్టూ తిరిగి రావడానికి సుమారు 160 ఏళ్లు. పాగ్సన్ కంటబడ్డాక అది ఇప్పటికి ఒక్కసారే పూర్తయింది.