గూటికి కాపలా, మేతకు జీవో: శ్రీకాకుళం చిత్తడి నేలల కథ

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పోర్టు వస్తే దాని వెనకే రోడ్లు, గోదాములు, పరిశ్రమలు వస్తాయి, వాటన్నిటికీ భూమి కావాలి. ఈ తీరంలో ఊళ్లూ తోటలూ పోగా ఖాళీగా కనిపించేవి తంపరలు, బీలలు అనే పల్లపు చిత్తడి నేలలు, ఉప్పు మడులు. అవి నిజంగా ఖాళీ భూములేనా అన్న తగాదా ఇక్కడ కొత్తది కాదు. 2010లో ఒకసారి, 2011లో ఇంకోసారి ఆ తగాదా పోలీసు కాల్పుల దాకా వెళ్లింది.

ముందు ఆ నేల సంగతి. తూర్పు కనుమల వైపు నుంచి దిగే వాన నీరు సముద్రంలో కలిసే ముందు పల్లంలో ఆగుతుంది. సోంపేట, కవిటి, కంచిలి మండలాల మధ్య అలా నీరు నిలిచే మంచినీటి మాగాణిని బీల అంటారు. దక్షిణాన టెక్కలి, సంతబొమ్మాళి వైపు కాకరాపల్లి, నౌపడ చుట్టూ ఉన్న అలాంటి నేలలే తంపర భూములు. వాటి పక్కనే బ్రిటిషు కాలం నుంచీ పేరున్న నౌపడ ఉప్పు మడులు. బీలలో చేపలు పట్టుకుని బతికేవాళ్లున్నారు, అక్కడి నీటితో వరి పండించేవాళ్లున్నారు, ఎండాకాలం పశువులను తోలుకెళ్లి మేపుకునేవాళ్లున్నారు. ఉద్దానం కొబ్బరితోటల కింద భూగర్భ జలం నిలబడడంలో కూడా ఈ పల్లపు నేలల వాటా ఉంది.

ఇక పక్షులు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి జూన్‌లో వానలతో పాటే ఓపెన్‌బిల్ కొంగలు వస్తాయి. మూసినా మధ్యలో సందు ఉండే ముక్కు వాటిది, నత్త గుల్లలోంచి మాంసం లాగడానికి పనికొస్తుంది. ఊళ్లో చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, చలికాలానికి వెళ్లిపోతాయి. టెక్కలి మండలం తేలినీలాపురంలో వంతు వేరే పక్షులది. వానాకాలం చివర్లో గూడబాతులు, అంటే పెలికాన్లు, వాటితో పాటు పెయింటెడ్ స్టార్క్‌లు దిగుతాయి. ఎండలు ముదిరే దాకా ఉంటాయి. రెండు ఊళ్ల వాళ్లూ వాటిని ఇంటి ఆడపడుచులు పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు. అవి రాని ఏడాది ఊరికి మంచిది కాదని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పత్రికల్లో ఏటా ఇవి సైబీరియా నుంచి వచ్చాయని రాస్తారు. వినడానికి గొప్పగా ఉంటుంది కానీ నిజం కాదు. ఈ జాతి గూడబాతు గూడు పెట్టేది ప్రధానంగా మన దేశంలో, శ్రీలంకలో, కంబోడియాలో. పెయింటెడ్ స్టార్క్‌లూ ఈ దక్షిణ, ఆగ్నేయాసియా చుట్టూనే తిరుగుతాయి. చెరువులు నిండిన చోటు వెతుక్కుంటూ ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి కదులుతాయంతే. ఈ తేడా చిన్నది కాదు. విదేశీ అతిథులైతే ఇక్కడ చోటు లేకపోయినా వాటి సొంత దేశం వాటికి ఉంటుందని సరిపెట్టుకోవచ్చు. వీటికి ఉన్న దేశం ఇదే.

అటవీ శాఖ తేలినీలాపురంలో వాచ్‌టవర్ కట్టింది, సందర్శకుల కేంద్రం పెట్టింది. మంచి పనే. కాకపోతే గూడబాతు చెట్టు మీద నిద్రపోతుంది, పిల్లలను పెంచుతుంది, తిండి మాత్రం తంపరలో వెతుక్కుంటుంది. గూడు ఉన్న చెట్టుకు కాపలా పెట్టి, మేత ఉన్న నేలను వదిలేయడం దగ్గరే ఈ మొత్తం వ్యవహారం చిక్కుపడింది.

ఎందుకు వదిలేశారంటే రెవెన్యూ రికార్డుల దగ్గరికి వెళ్లాలి. ఈ ప్రాంతం చాలావరకు జమీందారీల కింద ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో రైతుల సాగు భూములు రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే రైత్వారీలోకి వచ్చాయి, ఉమ్మడి భూములు ప్రభుత్వపరమయ్యాయి. ఏడాదిలో సగం నీళ్లలో, సగం ఎండలో ఉండే నేలకు పట్టా ఎవరిస్తారు? శిస్తు రాని భూమి ప్రభుత్వ భూమిగానే ఉండిపోయింది. అది రైతుకు నీరుగా, బెస్తకు చేపగా, పక్షికి మేతగా ఇచ్చేదంతా ఏ కాలమ్‌లోనూ ఎక్కలేదు. పరిశ్రమ కోసం ఎవరైనా స్థలం అడిగితే కలెక్టరేట్‌లో అన్నిటికంటే తేలిగ్గా చూపించగలిగేది అలాంటి భూమినే. రైతుల నుంచి కొనక్కర్లేదు, నష్టపరిహారం గొడవ ఉండదు.

2008 నాటికి ప్రైవేటు థర్మల్ ప్లాంట్ల జోరు మొదలైంది. ఆ సెప్టెంబరులో ప్రభుత్వం వరుస నంబర్లతో రెండు జీవోలు ఇచ్చింది. 1107 కింద సోంపేట బీల ప్రాంతంలో సుమారు 972 ఎకరాలు నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి, 1108 కింద కాకరాపల్లి తంపర భూములు ఈస్ట్ కోస్ట్ ఎనర్జీకి. ఒక్కో ప్రతిపాదన 2,640 మెగావాట్లది.

సోంపేటలో 2009 ఆగస్టు 18న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అభిప్రాయం ఏమిటో జనం గట్టిగానే చెప్పారు. అయినా డిసెంబరు 9న కేంద్రం నుంచి పర్యావరణ అనుమతి వచ్చేసింది. ఆ రోజుల్లోనే మొదలైన రిలే దీక్షలు ఏళ్ల తరబడి నడిచాయి. దీక్షా శిబిరంతో పాటు ఇంకో దారి కూడా పట్టారు. పర్యావరణ పరిరక్షణ సంఘం, మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ వంటివారు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థకు వెళ్లారు. గ్రీన్ ట్రైబ్యునల్ రాక ముందు అనుమతుల మీద మొర పెట్టుకోవడానికి ఉన్న చోటు అదే. అక్కడ అప్పీలుదారుకు అనుకూలంగా తీర్పు రావడం బాగా అరుదు. బీలను పనికిరాని భూమిగా చూపించి అనుమతి తెచ్చుకున్నారని, అక్కడున్నది నీరూ చేపలూ పక్షులూ ఉన్న చిత్తడి నేల అని వీళ్ల వాదన.

2010 జూలై 14న కంపెనీ మనుషులు పోలీసు బందోబస్తుతో బీలలో దిగారు. గ్రామస్థులు అడ్డుకున్నారు. కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో అప్పీలు సంస్థ అనుమతిని రద్దు చేసింది. ఉత్తర్వు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటేనో, పోలీసులు ఒక్క రోజు ఆగి ఉంటేనో అని సోంపేటలో ఇప్పటికీ అనుకుంటారు. ఆ కంపెనీ తర్వాత భాగస్వామితో కలిసి నెల్లూరు జిల్లా కృష్ణపట్నం ప్రాంతంలో ప్లాంటు కట్టింది.

కాకరాపల్లి కథ ఇంత స్పష్టంగా తేలలేదు. అక్కడ అనుమతి రద్దు కాలేదు, పనులు సాగుతూనే వచ్చాయి. తంపరను మట్టితో మెరక చేస్తే కొండవైపు నుంచి వచ్చే నీరు సముద్రానికి పోయే దారి లేక ఊళ్లు మునుగుతాయన్నది చుట్టుపక్కల గ్రామాల భయం. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్ర దగ్గర కాల్పులు జరిగి ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కేంద్ర పర్యావరణ శాఖ కొన్నాళ్లు పనులు ఆపించి, తర్వాత షరతులతో ఒప్పుకుంది. చివరికి ఆ ప్లాంటును ఆపింది చట్టమూ కాదు, పక్షులూ కాదు, డబ్బు. సగంలో ఆగిపోయిన కట్టడాలు తంపరలో మిగిలాయి. కరెంటు రాలేదు, పాత తంపర కూడా తిరిగి రాలేదు.

నా ఉద్దేశంలో ఈ మొత్తంలో అందరూ గమనించాల్సింది 2015 నాటి మలుపు. ఉద్యమకారులు ఏళ్లుగా అడుగుతున్నట్టు, సోంపేట బీలను కంపెనీకి ఇచ్చిన జీవో 1107ను ప్రభుత్వం రద్దు చేసింది. సంబరాలు చేసుకునేలోపే ఆ భూమి ఇతర పరిశ్రమల పార్కుకు అని తేలింది. థర్మల్ వద్దన్నారు కాబట్టి ఇంకోటి పెడదాం అన్నట్టు. బీలను బీలగా ఉంచాలన్న ఆలోచన ఫైలులోకి రానే లేదు.

చట్టాల వైపు చూస్తే, చిత్తడి నేలలను కాపాడే అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందంలో భారతదేశం 1982లోనే చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఒప్పందం కింద గుర్తింపు కొల్లేరుకు 2002లో దక్కింది. శ్రీకాకుళం నేలలకు దక్కలేదు. చిత్తడి నేలల పరిరక్షణకంటూ కేంద్రం మొదటిసారి నియమాలు తెచ్చింది 2010 డిసెంబరులో, అంటే సోంపేట కాల్పులు అయిన ఐదు నెలలకు. వాటి స్థానంలో వచ్చిన 2017 నియమాలు గుర్తింపు బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించాయి. సాగునీటి కోసం కట్టిన చెరువులు, వరి పొలాలు, ఉప్పు మడులు వాటి పరిధిలోకి రావు. నౌపడ దగ్గర ఈ మినహాయింపు నేరుగా తగులుతుంది. నీటి పక్షికి ఉప్పు మడికీ తంపరకీ మధ్య గట్టు కనిపించదు, కానీ నియమాల్లో ఆ గట్టుకు ఇటు ఒక న్యాయం, అటు ఒకటి.

కొంత ఊరట సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. ఇస్రో ఉపగ్రహ చిత్రాలతో గుర్తించిన, 2.25 హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడి నేలలను, విడిగా నోటిఫై చేయకపోయినా, నియమాల్లోని నిషేధాల ప్రకారమే కాపాడాలని 2017లో ఆదేశించింది. ఆ నిషేధాల్లో కొత్త పరిశ్రమలు పెట్టకూడదన్నది ఒకటి. పదేళ్ల వరద మట్టాల సగటు గీత నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత నిర్మాణాలు కూడదన్నది ఇంకొకటి.

కాబట్టి తర్వాతి తగాదా ఆ గీత దగ్గరే. బీల అక్టోబరులో ఒక సైజులో ఉంటుంది, మే నెలలో ఇంకో సైజులో ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను లాంటిది వచ్చినప్పుడు ఎక్కడి దాకా నీరు వెళ్లిందో ఊళ్లో ముసలివాళ్లు గోడ మీద చూపిస్తారు, సర్వే నంబర్ల పుస్తకంలో అది ఉండదు. హద్దులు నేల మీద పాతాల్సి ఉంటుంది. సర్వే బృందం ఏ నెలలో వస్తుంది, ఊరివాళ్లను పక్కన నిలబెట్టుకుని కొలుస్తుందా లేదా అన్నదాన్ని బట్టి కొన్ని వందల ఎకరాలు ఇటో అటో పోతాయి.